కొత్త గొంతుకు మొదటి నవ్వు

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో హాస్యపు ఆట ఒకటి మొదలైంది అనుకోండి. నలుగురు ఆటగాళ్ళు. ముగ్గురు ఏళ్ళ తరబడి ఆడుతున్నవాళ్ళు, నాలుగో మనిషి ఈరోజే వచ్చారు. నిర్వాహకుడు ఆ పేరు చెప్పాడో లేదో, పాతవాళ్ళలో ఒకరు చిన్న మాట విసిరారు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు ఎవరి మీద? వచ్చిన మనిషి మీదా, ఆట మీదా? నిర్వాహకుడికి పని తెలుసో లేదో ఆ ఒక్క నవ్వుతోనే బయటపడుతుంది.

ఎందుకంటే కొత్తగా వచ్చిన మనిషి అక్కడ శ్రోత తరఫున కూర్చున్నట్టు లెక్క. రేడియో పెట్టుకున్నవాళ్ళలో ప్రతి వారం ఎవరో ఒకరు మొదటిసారి వింటూ ఉంటారు. వాళ్ళకూ నియమాలు తెలియవు, ఏ గొంతు ఎవరిదో తెలియదు. కొత్త మనిషిని కలుపుకుంటే వాళ్ళనీ కలుపుకున్నట్టే. వెలివేస్తే వాళ్ళు స్టేషను మార్చేస్తారు.

కొత్తవారిని ఇలా కలుపుకునే కళను బాగా పండించిన ఆటల్లో ఒకటి బీబీసీ రేడియో 4లో వచ్చే ‘జస్ట్ ఎ మినిట్’. 1967 డిసెంబరు 22న మొదలైంది. ఇయాన్ మెసిటర్ దాన్ని రూపొందించారు, నికొలస్ పార్సన్స్ 50 ఏళ్ళకు పైగా నడిపారు. నియమం చాలా చిన్నది. ఇచ్చిన విషయం మీద 60 సెకన్లు మాట్లాడాలి. తడబడకూడదు, చెప్పిన మాట మళ్ళీ చెప్పకూడదు, విషయం దాటిపోకూడదు. ఎవరైనా తప్పు పట్టుకుంటే బజర్ నొక్కుతారు, గడియారం ఆగుతుంది. ఆక్షేపణ సరైనదైతే ఒక పాయింటుతో పాటు మిగిలిన సెకన్లూ ఆక్షేపించినవారివి. తప్పయితే మాట్లాడుతున్నవారికే పాయింటు, మాటా వారిదే. 60 సెకన్లు నిండి ఈల మోగే సమయానికి ఎవరు మాట్లాడుతుంటే వారికి ఇంకో పాయింటు.

ఆ ఈల పాయింటు దగ్గరే పాతవాళ్ళ గడుసుతనమంతా ఉంటుంది. 57 సెకన్ల దాకా ఊరుకుని, 58వ సెకనులో బజర్ నొక్కి, రెండు సెకన్లు మాట్లాడి పాయింటు పట్టుకుపోతారు. పాతవాళ్ళ మధ్య ఇది సరదా. మొదటిసారి వచ్చిన మనిషి చెమటలు కక్కుతూ 58 సెకన్లు లాక్కొస్తే, అప్పుడూ అదే పని చేస్తే? హాలు ఉసూరుమంటుంది. అక్కడ నిర్వాహకుడు చెయ్యాల్సింది కొత్తవారి పక్షం వహించడం. ‘అనుమానం ఉన్నచోట లాభం మాట్లాడేవారికే’ అని ఒక్క మాట అంటే చాలు. బజర్ నొక్కినవారే నవ్వులపాలవుతారు, కొత్తవారికి చప్పట్లు వస్తాయి. ఆటపట్టించడం జరిగింది, కానీ దెబ్బ తగిలింది పెద్దరికానికి. ఇది కొత్తవారి మీద జాలితో చేసే పని కాదు. ప్రేక్షకులు ఎప్పుడూ బలహీనుడి వైపే ఉంటారు కాబట్టి నవ్వు అటువైపే దొరుకుతుంది.

ఈ ఆటను తెలుగులో పెట్టాలనుకునేవారు ఒక చిక్కు ముందే చూసుకోవాలి. మన మాటలకు విభక్తులు అతుక్కుని వస్తాయి. ఇల్లు, ఇంట్లో, ఇంటికి: ఇవి మూడు మాటలా, ఒకే మాట మూడుసార్లా? వెళ్ళాను, వెళ్ళాడు సంగతేమిటి? దీన్ని రికార్డింగుకు ముందే తేల్చాలి. అచ్చంగా అదే రూపం మళ్ళీ వస్తేనే తప్పు అని పెట్టుకుంటే ఆట సాగుతుంది. ధాతువు కలిసినా తప్పే అంటే ఎంతటి వక్తయినా పది సెకన్లు దాటడు. ‘ఉంది’, ‘అని’, ‘ఒక’, ‘ఈ’ లాంటి చిన్న మాటలు మళ్ళీ వచ్చినా తప్పు పట్టకుండా వదిలెయ్యాలి. ‘అంటే’, ‘అన్నమాట’, ‘మరి’ మాత్రం వదలకూడదు. మన తడబాటంతా దాక్కునేది వాటి వెనకే.

కొత్తగా వచ్చినవారు ఎక్కువగా చేసే పొరపాటు వేగం. భయంతో గబగబా మాట్లాడతారు, 20 సెకన్లకే సరుకు అయిపోతుంది, మొదటికొస్తారు, బజర్ మోగుతుంది. నిదానంగా మాట్లాడితే 60 సెకన్లకు కావలసింది వంద మాటలకు అటూ ఇటూ. ఆ లెక్క ముందే చెబితే సగం భయం పోతుంది. మొదటి విషయం వారికి బాగా తెలిసినదై ఉండాలి. మొదటి 15 సెకన్లలో ఎవరూ బజర్ ముట్టుకోకూడదని పాతవాళ్ళతో తెర వెనక ఒప్పందం చేసుకోవాలి. రెండో విషయం నుంచి ఏ మినహాయింపూ వద్దు. మినహాయింపు ఎక్కువసేపు సాగినా అవమానమే.

ఇప్పుడు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఆట. బీబీసీ రేడియో 4లోనే 1972 ఏప్రిల్‌లో ‘ఐయామ్ సారీ ఐ హావెంట్ ఎ క్లూ’ మొదలైంది. ప్యానెల్ ఆటలకు, అంటే కొందరు ఆటగాళ్ళు జట్టుగా కూర్చుని ఆడే ఇలాంటి ఆటలకు, విరుగుడు అని తనను తానే పిలుచుకునే కార్యక్రమం అది. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు హంఫ్రీ లిటిల్టన్ 2008లో చనిపోయేదాకా నడిపారు, తర్వాత జాక్ డీ వచ్చారు. అందులో ‘మార్నింగ్టన్ క్రెసెంట్’ అనే ఆట ఉంది. ఆటగాళ్ళు వంతులవారీగా లండన్‌లోని స్టేషన్లు, వీధుల పేర్లు చెబుతారు. ముందుగా మార్నింగ్టన్ క్రెసెంట్ అన్నవారు గెలిచినట్టు. మధ్యలో ‘అబ్బ, ఏం ఎత్తు!’ అని మెచ్చుకుంటారు, ‘ఆ నియమం ప్రకారం ఇది కుదరదు’ అని అభ్యంతరపెడతారు. అసలు సంగతేమిటంటే నియమాలే లేవు. లేవని ఎవరూ పొరపాటున కూడా ఒప్పుకోరు.

ఇక్కడ ఆటపట్టించేది కొత్త శ్రోతనే. అయినా అతనికి కోపం రాదు. మొదటి వారం తలగోక్కుంటాడు, రెండో వారం అనుమానిస్తాడు, మూడో వారం గుట్టు తెలిసి తనూ ఆ గుంపులో చేరిపోతాడు. ఎవరికి వారే తలుపు తీసుకుని లోపలికి రాగలిగే వేళాకోళం అది. ఆ పేరున్న భూగర్భ రైల్వే స్టేషను 1992లో మూతపడి 1998లో మళ్ళీ తెరుచుకున్నప్పుడు, తెరిచింది ఆ కార్యక్రమం బృందమే! ప్యానెల్‌లోకి వచ్చే కొత్త ఆటగాడికి మాత్రం గుట్టు ముందే చెప్పి తీరాలి. చెప్పకుండా కూర్చోబెడితే ఆయన నిజంగానే ‘నియమాలేమిటి?’ అని అడుగుతారు, ఆట అక్కడికక్కడే చచ్చిపోతుంది.

ఇక గొంతుల అనుకరణకు వద్దాం. అమెరికాలో ఎన్‌పీఆర్ అనే ప్రజా రేడియో సంస్థ 1998లో మొదలుపెట్టిన ‘వెయిట్ వెయిట్ డోంట్ టెల్ మీ’ అనే వార్తల క్విజ్‌లో మొదటి అంకం ఇదే. ఫోన్లో ఒక శ్రోత ఉంటారు. కార్ల్ కాసెల్ అనే వార్తా పాఠకుడు ఆ వారం వార్తల్లోని ప్రముఖులు అన్న మాటలు మూడింటిని గొంతు మార్చి చదివేవారు. రెండు పోల్చుకుంటే గెలుపు. బహుమతి ఏమిటో తెలుసా? శ్రోత ఇంటి ఫోన్ సందేశం కాసెల్ గొంతుతో. ఆయన ఏ గొంతు పెట్టినా గంభీరమైన వార్తల గొంతు అడుగున వినపడుతూనే ఉండేది, శ్రోతకు జవాబు దొరికేది ఎక్కువగా మాటల్లోంచే. ఆట నడిపేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి: ఆధారం రెండు చోట్ల ఉండాలి, గొంతులో ఒకటి, మాటలో ఒకటి. గొంతు ఒక్కదాని మీదే ఆధారపడితే, ఫోన్లో ఉన్న కొత్త మనిషి కంగారులో తడబడితే ఇక పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

మంచి అనుకరణకు మొదటి మెట్టు వినడం. అసలు మనిషి మామూలుగా మాట్లాడిన ఒక నిమిషం రికార్డింగు తీసుకోండి. వేదిక మీద ఉపన్యాసం పనికిరాదు, అక్కడ అందరూ ఒకేలా అరుస్తారు. దాన్ని ఇరవైసార్లు వినండి, ప్రతిసారీ ఒక్క అంశమే పట్టుకోండి. ఒకసారి శ్రుతి, ఇంకోసారి వేగం, మరోసారి ఊపిరి తీసుకునే చోటు. తెలుగులో మనిషి ఎక్కువగా దొరికిపోయేది వాక్యం చివర. కొందరు చివరి అచ్చును సాగదీస్తారు, కొందరు మింగేస్తారు, కొందరికి ‘అండీ’ ఎక్కడ పడుతుందో అదే సంతకం. అన్నీ చెయ్యాలని చూడకండి. మూడు లక్షణాలు చాలు. మూడింటినీ కాస్త పెంచి చెయ్యండి, రేడియోలో ముఖం లేని లోటు ఆ పెంపుతోనే తీరాలి. తర్వాత పది సెకన్ల ముక్క రికార్డు చేసి, పేరు చెప్పకుండా ఐదుగురికి వినిపించండి. ముగ్గురు పోల్చుకోలేకపోతే ఆ గొంతు ఆటకు పనికిరాదు, స్నేహితులు ఎంత మెచ్చుకున్నా సరే.

ఆటగా పెట్టేటప్పుడు ఊతపదం మొదట వాడకూడదు. ఆ ప్రముఖుడి పేటెంటు మాట మొదటి సెకనులోనే పడితే ఇంకేం మిగులుతుంది? మూడు ఆధారాలుగా విడదియ్యండి. మొదటిది ఆ గొంతుతో బస్సుల వేళలు చదవడం లాంటి సంబంధం లేని మాట, అప్పుడు పోల్చుకుంటే 3 పాయింట్లు. రెండోది ఆ మనిషి వృత్తికి దగ్గరైన మాట, 2 పాయింట్లు. ఊతపదం చివరిది, ఒక్క పాయింటు. కొత్తగా వచ్చినవారికి కనీసం ఒక్క పాయింటైనా దక్కకుండా పోదు. ఒక్కో ఆధారం 15 సెకన్లు మించనివ్వకండి.

మైకు దగ్గర కూడా కొంత పని ఉంది. స్టూడియోల్లో వాడే దిశ గల మైకుకు, అంటే ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టే మైకుకు, దగ్గరగా జరిగితే మంద్ర స్వరాలు బరువెక్కుతాయి. అందుకే బొంగురు గొంతు చేసేటప్పుడు నాలుగు వేళ్ళ దూరానికి రావచ్చు, సన్నని ముక్కు గొంతుకు జానెడు వెనక్కి వెళ్ళాలి. దగ్గరికి వచ్చినప్పుడు ప, బ, భ అక్షరాలకు గాలి కొట్టి ‘డబ్’ మంటుంది. మైకును నోటికి సూటిగా కాకుండా కాస్త పక్కకు తిప్పితే తగ్గుతుంది. అరిచే పాత్ర చేసేవారు అరవబోయే ముందు వెనక్కి వాలడం అలవాటు చేసుకోవాలి. సౌండ్ ఇంజినీరు ప్రతిసారీ ముందే కనిపెట్టలేరు. ప్రతి ఆటగాడికీ విడి మైకు, ఆ గొంతు ఒక్కటే విడిగా రికార్డయ్యే ట్రాకు ఉండాలి, ప్రేక్షకుల నవ్వుకు పైన వేలాడే మైకుల జత వేరే ఉండాలి. నిర్వాహకుడు మాట ఇచ్చే ముందు ప్రతిసారీ పేరు పలకాలి. హాల్లో ఉన్నవారికి ఇది చాదస్తంలా ఉంటుంది. కానీ ఇంట్లో వింటున్నవారికి అదొక్కటే దారి, మిమిక్రీ కళాకారుడు ఉన్న ఆటలో మరీనూ.

అన్నిటికంటే సున్నితమైనది ఇంకొకటి. మిమిక్రీ కళాకారుడు పక్కనే కూర్చున్న కొత్త మనిషి గొంతునే అనుకరించడం. సరిగ్గా పడితే ఆ పూట అతి పెద్ద నవ్వు అదే. మొదటి పది నిమిషాల్లో చెయ్యకూడదు, ఆ గొంతు శ్రోతలకు ఇంకా అలవాటై ఉండదు, పోలిక తెలియదు. చెయ్యాల్సింది వారు ఆటలో చేసిన పనిని: జవాబుకు ముందు పెట్టే ‘ఊఁ’, తప్పు చెప్పాక వచ్చే చిన్న నవ్వు. నత్తిని చెయ్యకూడదు. యాసను చెయ్యకూడదు. ఒకరి యాసను పట్టుకుని చేసేది మనిషి అనుకరణ కాదు, ఆ ప్రాంతం మొత్తం మీద వెటకారం. రేడియో దగ్గర అదే యాసలో మాట్లాడుకునే ఇల్లు ఒకటి తప్పకుండా వింటూ ఉంటుంది. అనుకరణ అయ్యాక నిర్వాహకుడు మాట వెంటనే కొత్తవారికి ఇవ్వాలి. ఆఖరి మాట వారిదే కావాలి.

ఆట అని తెలియని మనిషిని మాత్రం ఆటలోకి లాగకూడదు. 2012 డిసెంబరులో ఆస్ట్రేలియాలో ఒక రేడియో కార్యక్రమ సమర్పకులు ఇద్దరు బ్రిటన్ రాణి గొంతుతో, యువరాజు గొంతుతో లండన్‌లోని ఒక ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఆ ఫోను నమ్మి లోపలికి కలిపిన నర్సు కొద్దిరోజుల్లోనే ప్రాణం తీసుకున్నారు. అనుకరణ అంత బాగా లేదన్నది అక్కడ ఎవరికీ సాకు కాలేదు. ఫోన్లో ఎవరినైనా కలిపే ముందు, ఇది ఫలానా ఆట, ఇందులో గొంతులు మారుస్తారు అని చెప్పి, ఒప్పుకున్నాకే రికార్డు చెయ్యాలి.

ఎడిటింగు గురించి ఒక్క మాట. అరగంట కార్యక్రమానికి గంటకు పైగా రికార్డింగు ఉంటే మంచిది. పొడుగు నవ్వులను కుదించవచ్చు, నవ్వు తగ్గుముఖం పట్టిన చోట కోస్తే అతుకు వినపడదు. ఒకచోటి నవ్వును తెచ్చి ఇంకోచోట అతికించడం మోసం.

కూర్పు మొదలుపెట్టే ముందు కొత్త మనిషి ట్రాకు ఒక్కటే విడిగా వినండి. కాగితం మీద రెండు గీతలు గీసి లెక్కపెట్టండి: వారి మాటకు నవ్వు ఎన్నిసార్లు వచ్చింది, వారి మీద వేసిన మాటకు ఎన్నిసార్లు వచ్చింది? రెండోదే ఎక్కువైతే, ముందుగా కత్తెర పడాల్సింది పాతవాళ్ళ మాటలకే, అవి ఎంత బాగా పండినా సరే. ఇక సెలవు.