పన్ను పీకించుకునే ముందే అడగండి

అందరికీ నమస్కారమండి. వాకింగ్ అయ్యాక ఇంటికెళ్ళకుండా ఇంతమంది కూర్చున్నారు, అందుకే సోది లేకుండా విషయంలోకి వచ్చేస్తా: పన్ను తీసిన చోట ఎముక మరీ కరిగిపోకుండా పెట్టే బోన్ గ్రాఫ్ట్ గురించి.

నా దగ్గరికి తరచూ ఇలా వస్తారు, "పన్ను పీకించుకుని రెండేళ్ళయింది డాక్టరుగారూ, ఇప్పుడు డబ్బులు కుదిరాయి, ఇంప్లాంట్ పెట్టేయండి" అని. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే స్క్రూ లాంటిది, దాని మీద కృత్రిమ పన్ను పెడతాం, కాబట్టి అక్కడ ఎముక తగినంత ఉండాలి. స్కాన్ తీస్తే అక్కడ ఎముక, వానలకి కోసుకుపోయిన పొలం గట్టులా సన్నబడిపోయి ఉంటుంది. ఆ మాట వాళ్ళకి చెప్పాలంటే ఇప్పటికీ నాకు బాధే.

ఎందుకిలా అవుతుందంటే పన్నుకీ ఎముకకీ మధ్య నారపోగుల్లాంటి లిగమెంట్ ఉంటుంది, ఆ పోగులు పట్టుకున్న పలచటి ఎముక పొర పన్ను ఉన్నన్నాళ్ళే ఉంటుంది, పన్ను పోతే అదీ కరిగిపోతుంది. ముందు పళ్ళకి పెదవి వైపు గోడ చాలామందికి 1 మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో ఎక్కువ భాగం ఈ పొరే, అందుకే ముందు అదే పోతుంది. మొదటి ఏడాదిలో ఆ చోట ఎముక వెడల్పు సగం దాకా తగ్గొచ్చు, అందులో మూడింట రెండు వంతులు మొదటి 3 నెలల్లోనే!

గ్రాఫ్ట్ అంటే పన్ను తీసిన గుంటలో, అదే రోజు, ఎముక గింజల్లాంటి పొడి నింపి పైన మెంబ్రేన్ అనే పలచటి పొర కప్పి కుట్టు వేయడం. స్లాబుకి సెంట్రింగ్ కొట్టినట్టు అనుకోండి, దాన్ని పట్టుకుని మన ఎముక పెరుగుతుంది. 4 నుంచి 6 నెలలాగి ఇంప్లాంట్ పెట్టొచ్చు. కరగడం పూర్తిగా ఆగదండి, తగ్గుతుంది అంతే, ఆగిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇక ఆ పొడి ఏంటి? మన ఎముకే కావచ్చు, చనిపోయిన దాతలది శుద్ధి చేసింది కావచ్చు, ఆవు జాతి పశువుల ఎముక నుంచి ఖనిజం మాత్రం మిగిల్చింది కావచ్చు, లేదా ల్యాబులో చేసిన కాల్షియం ఫాస్ఫేటో బయోయాక్టివ్ గ్లాసో కావచ్చు. మెంబ్రేన్ కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో చేసిందైతే చాలావరకు పంది నుంచో పశువు నుంచో వస్తుంది. ప్రాక్టీసు కొత్తలో ఒక పెద్దాయనకి ఇది చెప్పకుండానే పెట్టేశా, తర్వాత తెలిసి "ముందు ఒక్క మాట చెప్పాల్సింది బాబూ" అన్నారు, అంతే, అరవలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి పొడి డబ్బా చేతికిచ్చి చదివించాకే మొదలుపెడుతున్నా. మీరు కూడా అడగండి, అది మీ హక్కు.

జ్ఞాన దంతం తీస్తే సాధారణంగా ఇది అక్కర్లేదు. గట్టిగా చీము ఉంటే ముందు అది తగ్గాలి. షుగర్ ఉన్నా, ఎముకలు గుల్లబారకుండా ఇంజెక్షన్లు వాడుతున్నా పన్ను పీకకముందే చెప్పాలి, ఎందుకంటే ఆ మందులతో కొందరికి దవడ గాయం మానదు. సిగరెట్, గుట్కా అయితే గాయం మానేదాకా అసలు ముట్టుకోకూడదు.

చేయించుకున్నాక మొదటి రోజు పుక్కిలించొద్దు, గట్టిగా ఉమ్మొద్దు, స్ట్రాతో కొబ్బరినీళ్ళు లాగొద్దు. ఒకటి రెండు గింజలు నాలుక్కి తగిలితే కంగారు పడకండి, కానీ నొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, చెడు వాసన వస్తున్నా ఆ రోజే వెళ్ళండి.

సరే, ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనక కూర్చున్న అమ్మగారు.