ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వెనక మూల

పెద్దలందరికీ నమస్కారం. ఉగాది గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు పిలిచారు. చెప్పాల్సినవన్నీ పంచాంగం చదివిన శాస్త్రి గారే చెప్పేశారు. అందుకని పది రోజులుగా నా మనసులో నలుగుతున్న విషయం ఒకటి చెబుతాను, మన్నించండి.

మన ఊళ్ళనుంచి అమ్మానాన్నలు షికాగో వస్తే ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియానికి తీసుకెళ్తాం. 1893లో వివేకానందుడు మాట్లాడిన చోటు. దణ్ణం పెట్టుకుంటాం, ఫొటో దిగుతాం, వచ్చేస్తాం. ఆ భవనం వెనకవైపుకి వెళ్ళి చూసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. ఇద్దరా? మన్రో, కొలంబస్ వీధులు కలిసే మూల ఒక పెద్ద ఆర్చి ఒంటరిగా ఉంటుంది. దానికి గదుల్లేవు, కప్పు లేదు. అది 1894లో ఆడ్లర్, సలివాన్ అనే ఆర్కిటెక్టులు కట్టిన స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనపు గుమ్మం. ఆ భవనాన్ని 1972లో కూలగొట్టారు. సలివాన్ కట్టడాలు ఒక్కొక్కటే పోతుంటే రిచర్డ్ నికెల్ అనే ఫొటోగ్రాఫర్ వాటిని ఫొటోలు తీస్తూ, చెక్కడాలు విప్పి దాచేవారు. అలా ఈ భవనంలోకి వెళ్ళినప్పుడే లోపలి భాగం కూలి, శిథిలాల కింద పడి చనిపోయారు. ఆయన దేహం దొరకడానికి దాదాపు నాలుగు వారాలు పట్టింది. ఆ మూలకి వెళ్ళినప్పుడల్లా నాకు చెప్పులు విప్పాలనిపిస్తుంది.

అసలు నేను చెప్పాల్సింది మా ఇంటి సంగతి.

ఈ దేశం వచ్చాక పదకొండేళ్ళు మేము అద్దెకున్న టూ-ఫ్లాట్‌ను, అంటే కిందొకటి పైనొకటి రెండు వాటాల ఇంటిని, పోయిన నెల పడగొట్టారు. ముందువైపు నున్నటి ఖరీదైన ఇటుక. పక్కలా వెనకా ఇక్కడి బంకమట్టితో కాల్చిన మామూలు ఇటుక, గులాబీ, పసుపు మచ్చలతో. పండక్కి వీధి అరుగుకు మాత్రమే సున్నం కొట్టుకున్నట్టు! సందువైపు గోడకు మోకాలెత్తున చిన్న ఇనుప తలుపు ఉండేది. ఒకప్పుడు అందులోంచే సెల్లార్‌లోకి బొగ్గు పోసేవారు. మా అమ్మాయి అందులో గవ్వలు దాచుకునేది. నేను వెళ్ళేసరికి తలుపు లేదు. ఇటుకలు గీకి, అమ్మకానికి దొంతర్లు పేర్చారు.

ఇంటికొచ్చి ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. పుట్టినరోజులు, వ్రతాలు, మంచులో ఆటలు. అన్నీ ఆ ఇంటి ముందు దిగినవే. అన్నిట్లోనూ మన తలకాయలే, ఇల్లు లేదు! ఆ ఇనుప తలుపు మీద ఏ కంపెనీ పేరుందో గుర్తు చేసుకోబోయాను. రాలేదు. పదకొండేళ్ళు, అమ్మా, రోజూ రెండుసార్లు దాని పక్కనుంచే నడిచాను.

ఇంటిముందు సైడ్‌వాక్ ఇంకా మిగిలింది. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు కాంట్రాక్టరు వేసిన ముద్ర ఒక పలక మీద ఉంది. పేరులో సగం అరిగిపోయింది, 1927 అన్నది మాత్రం తెలుస్తుంది. వేసవిలో అదీ తవ్వేస్తారట. వచ్చే శనివారం పొద్దున పదింటికి నేనక్కడ ఉంటాను. పల్చటి కాగితం, మెత్తటి పెన్సిళ్ళు నేనే తెస్తాను. పిల్లల్ని పంపండి, ఆ ముద్ర కాగితం మీదికి ఎలా దిగుతుందో చూపిస్తాను. చలిగా ఉంటుంది, టోపీలు పెట్టి పంపండి.