మడి మధ్యలో ఆగిన ట్రాక్టర్ (రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. నాట్లకు ముందు మడిని బురదగా దున్నే దమ్ములు జోరుగా సాగుతున్న రోజులు కదా, పాత ట్రాక్టర్ల గురించి అడుగుతామని వారం రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. ముప్పై ఏళ్లుగా డీజిల్ ఇంజన్లు విప్పి బిగిస్తున్న మేస్త్రీ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్... చెప్పండన్నా, ఎక్కడి నుంచి?

మొదటి రైతు: నమస్తే మేడం, నమస్తే సార్. మిర్యాలగూడ పక్కపొంటి ఊరు మాది. నిన్న మడిల దమ్ము చేస్తుంటే బండి గుర్రుగుర్రుమని ఆగిపోయింది. చూస్తే ట్యాంకుల డీజిల్ అయిపోయింది. క్యాన్ల పది లీటర్లు తెచ్చి పోసినం. అప్పటిసంది సెల్ఫ్ కొడుతనే ఉన్నం, స్టార్ట్ అయితలేదు.

మేస్త్రీ: ఏ సంవత్సరం బండి అన్నా?

మొదటి రైతు: 96 మోడల్. మా నాయన కొన్నడు. మూడు సిలిండర్లు.

మేస్త్రీ: సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బాగానే తిరుగుతోందా? సైలెన్సర్ నుంచి పొగ వస్తోందా?

మొదటి రైతు: నిన్న బాగనే తిరిగింది, ఇప్పుడు జర మెల్లగ తిరుగుతుంది. పొగ అయితే చుక్క కూడ లేదు.

మేస్త్రీ: సగం సంగతి ఆ పొగే చెప్పేసింది. తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి పోతోంది, మండటం లేదని అర్థం. అసలు పొగే లేదంటే డీజిల్ సిలిండర్ దాకా చేరట్లేదు. ట్యాంకు ఖాళీ అయింది కాబట్టి పైపుల్లోకి గాలి పట్టేసింది. డీజిల్‌ని నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. పంపు ఎంత తోసినా ఆ ఒత్తిడి బుడగలోనే పోతుంది, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోదు. ఇంజన్‌కి ఏమీ కాలేదన్నా, భయపడకండి. ఇక సెల్ఫ్ మాత్రం కొట్టకండి, బ్యాటరీ చచ్చిపోతుంది.

మొదటి రైతు: బురదల నడిచే ఇనుప చక్రాలు, కేజ్ వీల్స్ మీద ఉన్నది సార్, ఇంకో బండితోని గుంజిద్దామంటే అది కూడ దిగబడుతది. నారుకు నెల దాటింది. కాలువ నీళ్లు మా వంతు రేపటిదాకనే.

మేస్త్రీ: గుంజొద్దు. ఇప్పుడు బండి దగ్గరే ఉన్నారా? పానాలున్నాయా?

మొదటి రైతు: ఒడ్డు మీదనే ఉన్న. మా పిలగాడు బండి కాడ ఉన్నడు.

మేస్త్రీ: ముందు ఇంజన్ ఆపే నాబ్ పూర్తిగా లోపలికి ఉందో లేదో, ట్యాంకు కింద కాక్ తెరిచి ఉందో లేదో చూడమనండి. కంగారులో ఈ రెండే మరిచిపోతాం. తరవాత పంపు చూడండి. నాజిళ్లకు పోయే పైపులు ఒకే వరసలో ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా?

మొదటి రైతు: వరసగనే ఉన్నయి సార్. పక్కన చిన్న నాబు ఉన్నది, చేతితోని కొట్టేది.

మేస్త్రీ: అదే మనకు కావాల్సింది. ఫిల్టర్ల చుట్టూ మట్టి గుడ్డతో తుడవండి. మొదటి ఫిల్టర్ మీద ఉన్న చిన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి, పూర్తిగా తీయొద్దు. చేతి పంపు నాబ్‌ను ఎడమకు తిప్పితే పైకి లేస్తుంది, ఇక కొడుతూ ఉండండి. ముందు తెల్లటి నురగ వస్తుంది. బుడగలు పోయి పచ్చగా, సన్నటి ధారగా డీజిల్ వచ్చేదాకా ఆపొద్దు. ధార కారుతుండగానే స్క్రూ బిగించాలి, ఆగాక బిగిస్తే మళ్లీ గాలి లాగుతుంది. రెండో ఫిల్టర్‌కీ, తరవాత పంపు మీది స్క్రూకీ ఇదే వరస. చివర్లో ఆ నాబ్‌ను నొక్కి బిగించండి. అది వదులుగా ఉన్నా అక్కడి నుంచే గాలి లోపలికి పోతుంది. లైన్‌లోనే ఉండండి.

వ్యాఖ్యాత: ఈలోగా అమలాపురం నుంచి ఇంకో కాల్. చెప్పండమ్మా.

రెండో రైతు: నమస్కారమండి. మా బండి తాళం తిప్పితే టక్కుమంటుందండి, అంతే, తిరగదు. మా అబ్బాయి కింద నిలబడి స్క్రూడ్రైవర్ పెట్టి సెల్ఫ్ దగ్గర కలుపుతాడండి. అలా అయితే స్టార్టవుతుంది. అలా చేయొచ్చాండి?

మేస్త్రీ: వద్దమ్మా. దండం పెడతాను, ఈరోజు నుంచి ఆ పని మాన్పించండి. తాళంతో స్టార్ట్ చేసేవాడు సీట్లో ఉంటాడు, క్లచ్ కాలి కింద ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కలిపేవాడు పెద్ద చక్రం ముందు నిలబడతాడు. బండి గేరులో ఉండిపోతే ఇంజన్ అందుకున్న క్షణంలోనే చక్రం మనిషి మీదకి ఎక్కుతుంది. పక్కకి తప్పుకునే టైం ఉండదు. మా షెడ్డుకి వచ్చే కుర్రాళ్లకి నేను మొదట చెప్పే మాట ఇదేనమ్మా.

రెండో రైతు: అయ్య బాబోయ్. మరేం చేయమంటారండి?

మేస్త్రీ: హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు ఒక్కసారిగా డల్ అయిపోతే బ్యాటరీలో చార్జింగ్ లేదు, లేదా టెర్మినల్స్ పట్టు లేవు. వాటి మీద తెల్లగా, పచ్చగా పొడి ఉందా?

రెండో రైతు: సున్నంలా పట్టేసిందండి.

మేస్త్రీ: అయితే ముందు మైనస్ వైరు విప్పి, తరవాత ప్లస్ విప్పండి. వేడినీళ్లు పోసి కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆరాక గట్టిగా బిగించండి. బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ నుంచి బండి బాడీకి పోయే ఎర్త్ వైరు దగ్గర కూడా తుప్పు గీకండి. ఇంత చేసినా టక్కుమంటూనే ఉండి, లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటే సెల్ఫ్ మోటారు విప్పి చూపించాలి.

వ్యాఖ్యాత: మిర్యాలగూడ అన్న మళ్లీ పిలుస్తున్నాడు...

మొదటి రైతు: సార్, నురగ మస్తు వచ్చింది! ఇప్పుడు మంచి డీజిల్ వస్తుంది. సెల్ఫ్ కొడితే పొగ జర జర వస్తుంది, అందుకుంటలేదు.

మేస్త్రీ: నాజిల్ పైపుల్లో ఇంకా కొంచెం గాలి ఉంది. నాజిల్ దగ్గర మూడు నట్లు ఒక్కో చుట్టు వదులు చేయండి. యాక్సిలరేటర్ ఫుల్ పెట్టి, సీట్లో కూర్చుని, న్యూట్రల్ చూసుకుని పది సెకన్లు మాత్రమే సెల్ఫ్ కొట్టమనండి. ఆ నట్ల దగ్గర చెయ్యి, మొహం పెట్టొద్దు. డీజిల్ చిమ్మగానే సెల్ఫ్ ఆపి బిగించండి. నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

(కాసేపటికి ఫోన్లో ఇంజన్ శబ్దం, ముందు తడబడుతూ, తరవాత నిలకడగా)

మొదటి రైతు: అందుకున్నది సార్! తెల్లగ పొగ కొట్టింది, ఇప్పుడు పోతుంది!

మేస్త్రీ: ఆపకండి, పది నిమిషాలు మీడియం రేస్‌లో ఉంచండి. ఆ నట్లన్నీ పొడి గుడ్డతో తుడిచి, ఎక్కడైనా తడి అవుతోందా చూడండి. ఇంకోటి, క్యాన్‌లో మిగిలిన డీజిల్ గాజు గ్లాసులో పోసి కాసేపు ఉంచండి. అడుగున నీళ్లు కనిపిస్తే ఆ క్యాన్ మళ్లీ బండి దగ్గరికి తేవొద్దు.

మొదటి రైతు: సరే సార్, ఫోన్ పెడుత. పిలగాడు బండెక్కిండు.