వంటశాల వెనక కుళాయి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న వంట మేస్త్రీలకు, వడ్డన కుర్రాళ్లకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ వరసగా చదవమని ఒక చీటీ ఇచ్చారు. కళ్లజోడు మరిచిపోయానని చెప్పి తప్పించుకున్నాను. అది జేబులోనే ఉంది. నాకిచ్చింది పదిహేను నిమిషాలు, క్షమించాలి.

ఈ జులై 28 ప్రపంచ హెపటైటిస్ దినం, హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బరూచ్ బ్లంబర్గ్ పుట్టినరోజు. హెపటైటిస్ అంటే కాలేయం వాపు, కళ్లు పచ్చబడే కామెర్లు దాని గుర్తు. బి రక్తం, ఒంటి స్రావాల దారిన వస్తుంది. మనకు పని ఉన్నది హెపటైటిస్ ఎతో. అది రోగి మలంలోంచి నీళ్లకో చేతికో అంటి మన నోటికి చేరుతుంది. బి లాగా కాలేయంలో ఏళ్ల తరబడి కాపురం పెట్టదు. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది, అందుకే పసరు పోసినవాడికి పేరొస్తుంది. వయసు మళ్లినవాళ్లకు, కాలేయం ముందే చెడినవాళ్లకు మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

పాఠం చెప్పాలని రాలేదు. ఒక తప్పు ఒప్పుకోవాలని వచ్చాను.

నేను ఆరోగ్య పర్యవేక్షకుడిగా ఉన్న రోజుల్లో ఒక ఊళ్లో పెళ్లి జరిగిన నెలకు ఇరవై మందికి పైగా కామెర్లు వచ్చాయి. వెళ్లి చూస్తే వంట మేస్త్రీ కళ్లూ పచ్చగా ఉన్నాయి. దొంగ దొరికాడన్నారు. నేనూ అదే రాశాను. "అయ్యా, నాకూ వాళ్లతో పాటే వచ్చింది కదండీ" అన్నాడతను. వినలేదు. ఆ చుట్టుపక్కల అతణ్ణి మళ్లీ ఎవరూ పొయ్యి దగ్గరికి రానివ్వలేదు.

ఎనిమిదేళ్ల తర్వాత ఒక శిక్షణలో నల్లబల్ల మీద లెక్క వేశారు. వైరస్ లోపలికి వెళ్లాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు, సగటున 28. మలంలో వైరస్ ఎక్కువగా పోయేది కళ్లు పచ్చబడడానికి ముందు వారం, రెండు వారాల్లో. అతని చేతినుంచే అంటి ఉంటే, లెక్క ప్రకారం పెళ్లయిన కొద్ది రోజులకే అతని కళ్లు పచ్చబడాలి. అతిథులతో పాటే పచ్చబడ్డాయంటే, వాళ్లు తాగినదే అతనూ తాగాడు. అతను చెప్పింది సరిగ్గా అదే! చదువుకున్నవాణ్ణి నేను, లెక్క తెలిసినవాడు అతను.

1988లో షాంఘైలో దాదాపు 3 లక్షల మందికి ఇదే జబ్బు వచ్చింది. మురుగు కలిసిన నీళ్లలో పెరిగిన గుల్లలను జనం వేడినీళ్లలో ఇలా ముంచి అలా తీసి తిన్నారు. అక్కడ ఏ వంటవాణ్ణి పట్టుకుంటారు?

85 డిగ్రీల వేడి ఒక నిమిషం లోపలిదాకా తగిలితే ఈ వైరస్ చస్తుంది. ఐసులో చావదు. కాబట్టి మీ మరిగే సాంబారుతో నాకు భయం లేదు. దించాక చేత్తో చల్లే కొత్తిమీర, తరిగిన కీరదోస, మజ్జిగ, వీటితోనే భయం. మళ్లీ అంటున్నాను, మజ్జిగ. అందులో కలిపే నీళ్లు ఎక్కడివి? వేసే ఐసు ఎక్కడిది? ఆ పెళ్లిలో మజ్జిగేనని నా అనుమానం. బావి నీళ్లు పరీక్షకు పంపి ఉంటే ఏదో ఒకటి తేలేది. దొంగ దొరికాక బావితో ఏం పని అనుకున్నాను.

దీనికి టీకా ఉంది, కానీ ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల పట్టికలో లేదు. పిల్లల వైద్యుణ్ణి అడగండి. మీకూ వేయించమని ఈ హాళ్ల యజమానులను నేను అడుగుతాను, ముందు వరసలోనే ఉన్నారు. అయ్యా, అతిథులకు అద్దాలు, పాలరాతి బేసిన్లు పెట్టారు. వెనక వంట చేసేవాళ్లకు ఒక డ్రమ్ము, ఒక చెంబు. మరుగుదొడ్డి నుంచి వచ్చినవాడు ఆ చెంబే ముంచాలి. జ్వరం వస్తే మానుకోమంటాం, ఆ రోజు కూలి ఎవరిస్తారు?

వచ్చేటప్పుడు ఈ హాలు వెనక చూశాను. కుళాయి ఉంది, సబ్బు లేదు. నా సంచిలో నాలుగు సబ్బులున్నాయి. బాబూ, ఆ చివరి కుర్చీలో అబ్బాయీ, వచ్చి తీసుకెళ్లు. అవి పెట్టాకే ఆకులు వేయించండి.