గుర్రం అమ్మినవాడు నోరు విప్పలేదు

అధ్యక్షులవారికి, మిత్రులకు నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించండి.

మోసం అనే మాటను మనం ఎంత ధారాళంగా వాడతామో చూడండి. వాన మోసం చేసింది, కళ్లు మోసం చేశాయి. అప్పు తీసుకున్నవాడు గడువు దాటిస్తే మోసగాడు. కోర్టు అలా ఒప్పుకోదు. తీసుకున్న రోజునే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందా అని అడుగుతుంది. ఉంటే మోసం. తర్వాత చేతిలో డబ్బు ఆడక ఇవ్వలేకపోతే అది బాకీ, అంతే. ఫోర్ ట్వంటీ అని తిడతాం కదా, ఆ 420 సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318(4) అయింది. తిట్టు మాత్రం మారలేదు. ఎవణ్నైనా త్రీ ఎయిటీన్ అంటే కోపం కూడా రాదు!

ఇంగ్లండ్‌లో 1889 నాటి డెర్రీ, పీక్ కేసు చెబుదామని రాసుకొచ్చాను. ట్రామ్‌లను ఆవిరితో నడిపే హక్కు మాకుందని కంపెనీ డైరెక్టర్లు ప్రకటించారు, ఆ అనుమతి రాలేదు, షేర్లు కొన్నాయన మునిగాడు. నిజమని నమ్మే చెప్పారు కాబట్టి మోసం కాదని తీర్పు. సరే, ఆ కాగితం ఇక మడిచేస్తున్నాను. నా బాధ వేరు.

లా చదివే రోజుల్లో తోటి విద్యార్థి దగ్గర స్కూటర్ కొన్నాను. వారం తిరక్కుండా ఇంజిన్ పోయింది. నీకు ముందే తెలుసా అంటే, "తెలుసు. నువ్వు అడగలేదుగా" అన్నాడు. మండిపోయి 1872 నాటి కాంట్రాక్టు చట్టం తెరిచాను. 17వ సెక్షన్ కింద ఉదాహరణగా ఒక గుర్రం ఉంది. దానికి జబ్బుందని తెలిసీ ఒకడు వేలంలో అమ్ముతాడు, నోరు విప్పడు. మోసం కాదట! వెనక వరసలో నవ్వుతున్నారు, మీరూ స్కూటర్ కొన్నారా?

కొన్నది అప్పుడే మైనారిటీ తీరిన కూతురైతే మాత్రం తండ్రి చెప్పి తీరాలి. ఇంకో దారీ ఉంది. "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటా" అని కొనేవాడు అన్నాక కూడా అమ్మేవాడు మాట్లాడకపోతే, ఆ మౌనం మాటతో సమానం. ఆ ఒక్క వాక్యం నాకు తెలియక స్కూటర్ పోయింది. ఇప్పుడు ఏది కొన్నా ముందు అదే అంటాను.

మొన్న మా అబ్బాయి పాత ఫోన్ అమ్ముతున్నాడు. కొనే కుర్రాడు ఏమీ అడగలేదు. మావాడు నా వైపు చూశాడు. బ్యాటరీ సంగతి నేనే చెప్పేశాను. బేరం పోయింది, ఇంట్లో నాతో ఇంకా మాటల్లేవు.