మే నెలలో గేదె, ఎద సూది

[దృశ్యం: వేపచెట్టు నీడలో రొప్పుతున్న ముర్రా గేదె]

ఈ గేదె ఈని ఆరు నెలలయింది. ఇంతవరకూ ఎద జాడ లేదు. మే నెలలో పశువుల ఆసుపత్రికి వచ్చే రైతు అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, ఎదకు రావడానికి సూది వేయండి." సూది ఉంది. అది ఏ గేదెకు వేయాలన్నదే అసలు సంగతి.

గేదెకు పగటిపొద్దు తగ్గే కాలమే అనుకూలం. రాత్రి పెరిగేకొద్దీ మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఎక్కువసేపు ఊరుతుంది. అండాశయానికి అదే కబురు. మన దగ్గర పొద్దులో తేడా తక్కువ, కాబట్టి ఎండకూ మేతకూ పెత్తనం ఎక్కువ. నల్లతోలు, చెమట గ్రంథులు కొద్ది; నీళ్లలో పడుకోనిదే ఒళ్లు చల్లబడదు. అక్టోబరులో చూడి కట్టిన గేదె సుమారు 310 రోజులు మోసి ఆగస్టులో ఈనుతుంది. చలికాలంలో పాలు పొంగి, వేసవిలో కరవొచ్చేది అందుకే.

ఇటలీలో కంపానియా రైతులు ఈ లెక్కను తిప్పేశారు. గేదె పాలతో చేసే మొజరెల్లా జున్నుకు గిరాకీ వసంతంలో, వేసవిలో. అందుకని గేదెలు అప్పుడు చూడి కట్టకుండా శరదృతువులోనే దున్నపోతులను మంద నుంచి తప్పిస్తారు. సూది కంటే ముందు కాలెండరు!

[దృశ్యం: తెల్లవారుజామున పాకలో టార్చిలైటు]

చాలాసార్లు గేదె ఎదకు వచ్చే ఉంటుంది, మనమే చూడం. మూగ ఎద అంటే అదే. ఆవుకులాగా జిగురు తీగలు వేలాడవు. పడుకున్నప్పుడు జిగురు కారి నేల మీద మెరుస్తుంది. పేడ ఎత్తేశాక వెతికితే ఏముంటుంది?

[దృశ్యం: డాక్టరు చేతికి తొడుగు వేసుకుంటున్నారు]

ఇక సూది. ఎదకు తెచ్చే హార్మోను ప్రోస్టాగ్లాండిన్ పనిచేయాలంటే అండాశయం మీద కార్పస్ లూటియం, అంటే అండం విడుదలయ్యాక ఏర్పడే గడ్డ, ఉండాలి. అండాశయం నిద్రపోతున్న, అంటే అండాలే విడుదల కాని గేదెకు వేస్తే డబ్బు దండగ. చూడి గేదెకు వేస్తే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. చెయ్యి పెట్టి చూడకుండా సూది తీసేవారిని పాకలోకి రానివ్వకండి.

అండాశయం పనిచేస్తున్న గేదెకు మొదట అండం విడుదల చేయించే హార్మోను జీఎన్ఆర్‌హెచ్, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్, మరో రెండు రోజులకు మళ్లీ జీఎన్ఆర్‌హెచ్ ఇస్తారు. తర్వాత 16 నుంచి 20 గంటలకు, ఎద కనిపించినా కనిపించకపోయినా, కృత్రిమ గర్భధారణ చేయిస్తారు. అండాశయం నిద్రపోతున్నదానికి ప్రొజెస్టిరాన్ హార్మోను వదిలే పరికరాన్ని కొన్ని రోజులు యోనిలో ఉంచి తీస్తారు. తీశాక ఎద మొదలవుతుంది. డొక్కలు ఎండిన గేదెకు మాత్రం ఏదీ సరిగా పట్టదు. దానికి ముందు పచ్చిమేత, ఖనిజ లవణ మిశ్రమం, మధ్యాహ్నం ఒంటి మీద నీళ్లు.

పాలు చేపడానికి కొందరు దొంగచాటుగా పొడిచే ఆక్సిటోసిన్‌కూ ఈ ఎద సూదికీ సంబంధం లేదు. రెండూ సూదులే అన్నంతవరకే పోలిక.

గర్భధారణ చేయించిన తారీఖు గోడ మీద రాసుకోండి. చూడి కట్టకపోతే మళ్లీ ఎద వచ్చేది అప్పుడే కాబట్టి, 21వ రోజు తెల్లవారకముందే, పేడ ఎత్తకముందే, టార్చి వేసి మళ్లీ ఆ నేల చూడండి.