చీటీ పోయిన గుల్ల

వేదిక మీద పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న మా పాత స్టూడెంట్లకి, వెనకాల ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకి కూడా నమస్కారమండి. సైన్స్ డే కదా మాస్టారూ, రామన్ గారి గురించి నాలుగు ముక్కలు చెప్పండి అన్నారు, కానీ ఇందాకే ముగ్గురు చెప్పేశారు, ఇంక నేను కొత్తగా చెప్పేదేముంది. అందుకని గుల్లల గురించి చెప్తాను.

ఇదిగో, ఈ పేపర్లో చుట్టి తెచ్చింది గుల్ల. మా మామ్మ తమలపాకుకి రాసుకునే సున్నం ఇలాంటి గుల్లలు కాల్చిందే. లోపలి పురుగు సముద్రంలో నీళ్లు పీల్చుకుంటూ పొరమీద పొర వేసుకుంటూ పెరుగుతుంది, చెట్టు మానులో వలయాల్లాగా. 2006లో ఐస్‌లాండ్ దగ్గర ఒకదాన్ని పట్టారు, గీతలు లెక్కపెడితే 507 ఏళ్లు! పుట్టింది 1499లో, అంటే మన కృష్ణదేవరాయలు ఇంకా గద్దె కూడా ఎక్కలేదు. పాపం దాని వయసు తెలిసేసరికి అది బతికి లేదు, అది వేరే సంగతి.

ఆ పొరల్లో ఆక్సిజన్ రెండు రకాలుగా ఉంటుంది, పరమాణువు బరువు 16 ఉన్న మామూలుది, 18 ఉన్న బరువుది. నీళ్లు చల్లగా ఉంటే గుల్లలోకి బరువుది కాస్త ఎక్కువ చేరుతుంది. దీన్ని థర్మామీటర్‌లా వాడొచ్చని హెరాల్డ్ యూరీ అనే అమెరికా కెమిస్ట్రీ శాస్త్రవేత్త 1947లోనే చెప్పాడు. సన్న డ్రిల్లుతో పొరపొరకీ పొడి గీకి, యాసిడ్ పోసి, వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మిషన్‌లో తూస్తారు. బరువు ఆక్సిజన్ పాలులో వెయ్యికి ఒక వంతు తేడా వస్తే సుమారు నాలుగు డిగ్రీలన్నమాట.

అయితే ఇందులో ఓ చిక్కుందండి. గోదావరి మొగ దగ్గర గుల్లకి ఆగస్టు వరద తగిలిందనుకోండి, వాననీళ్లలో తేలిక ఆక్సిజన్ ఎక్కువ, మిషనేమో ఆ నెల సముద్రం వేడెక్కిపోయిందని చెప్తుంది. అబద్ధం! అందుకే తర్వాత ఇంకో దారి పట్టారు, బరువు కార్బనూ బరువు ఆక్సిజనూ ఒకేచోట ఎన్నిసార్లు జంట కట్టాయో లెక్కపెడతారు, చల్లగా ఉంటే జంటలెక్కువ, నీళ్లు ఏ నీళ్లైనా పర్లేదు. 2006లో ఈ లెక్క తేల్చిన పేపర్లో మొదటి పేరు ప్రసేన్‌జిత్ ఘోష్‌ది, తర్వాత బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో, అదే ఐఐఎస్సీలో, ప్రొఫెసర్ అయ్యారు. చప్పట్లు కొట్టండి, రామన్ గారు పనిచేసిన చోటే అది. చూశారా, రామన్ గారి గురించి కూడా చెప్పేశాను.

అసలు విషయానికొస్తా. అంటార్కిటికా కొసన సేమూర్ ఐలాండ్ అని ఉంది. అక్కడి 29 గుల్లల్ని సియెర్రా పీటర్సన్ అనే శాస్త్రవేత్త వాళ్లు ఈ జంటల లెక్కతోనే చూసి 2016లో రాశారు. డైనోసార్లు పోయిన 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందటి కాలం అది. ఉల్క పడకముందే అక్కడ సముద్రం సుమారు 8 డిగ్రీలు వేడెక్కిందట, ఉల్క పడ్డప్పుడు ఇంకో చిన్న వేడి. మొదటి వేడికి కారణం ఎవరనుకున్నారు? మన దక్కన్ లావాయేనండీ, దాంతోపాటు వచ్చిన కార్బన్ డయాక్సైడ్ భూమినంతా వేడెక్కించిందన్నమాట! పడమటి కనుమల వైపు పుట్టి వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా వచ్చిందే, కాతేరులో, పంగిడిలో కొట్టే నల్లరాయి అదే.

ఇప్పుడు నా బాధ చెప్తాను, ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకున్నా సరే. కాతేరు క్వారీల్లో పైనా కిందా నల్లరాయి, మధ్యలో సున్నపురాయి, దాన్నిండా గుల్లలు. 1987 నుంచి మూడేళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఏరాం. ప్రతిదానికీ చీటీ, ఏ క్వారీ, కింది లావా మీద నుంచి ఎన్ని అడుగులు, ఏ తారీకు. బీరువా నిండింది. 1998లో నేను ఎలక్షన్ డ్యూటీకి వెళ్లొచ్చేసరికి కంప్యూటర్ ల్యాబ్ కావాలని గది ఖాళీ చేసి, గుల్లలన్నీ సైకిల్ స్టాండ్ గుంతలో పోసేశారు. ఏ కాలేజీ అని అడక్కండి. బకెట్ పట్టుకెళ్లి ఓ నలభై ఏరుకున్నాను, ఇదీ అందులోదే, చీటీలు మాత్రం వానకి ముద్దైపోయాయి. ఇది లావాకి ఆనుకుని దొరికిందో పదడుగుల పైన దొరికిందో నాకే తెలీదు. ఆ 29 గుల్లలకీ ఏ పొరలో ఎంత ఎత్తున దొరికాయో రాసి ఉంది కాబట్టే అవి మాట్లాడాయి, నాది మూగదైపోయింది.

ఆ మధ్య ఓ కుర్రాడు అన్నాడు, సార్, లావా కింద ఉడికి, వాననీళ్లలో నాని మీ గుల్లలు ఎప్పుడో మారిపోయుంటాయి, కెమిస్ట్రీకి పనికిరావు అని. నిజమే కావొచ్చు నాయనా. గుల్ల కరిగి మళ్లీ గడ్డకడితే పాత వేడి చెరిగిపోతుంది, అందుకే ముందు ఎక్స్‌రేలో చూసుకుంటారు. కానీ మారిందో లేదో చూడ్డానికైనా గుల్ల ఉండాలిగా! గుంతలో పోసి పైన సిమెంటు వేశాక ఏం చూస్తావు?

మీలో జియాలజీ చదివినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. నలుగురేనా? పోన్లెండి, బీకామ్ వాళ్లైనా పర్లేదు. ఆదివారం పొద్దున్నే ఆరింటికి కాతేరు వైపు వెళ్తున్నాను, క్వారీ ఆయనతో మాట్లాడాను, మధ్యాహ్నం దాకా చూసుకోమన్నాడు. సుత్తి, టేపు నేను తెస్తా. మీరు బాల్‌పెన్ను తేకండి, తడిస్తే పోతుంది, పెన్సిల్ తెచ్చుకోండి.